లాన్ గింజ చల్లే ముందు కలుపును మొలవనివ్వండి

ఇల్లు పూర్తయ్యాక ముందు వైపు యాభై గజాలో వంద గజాలో మిగిలితే, అక్కడ లాన్ వేయాలనే కోరిక చాలామందికి ఉంటుంది. మేస్త్రీ లెక్క తేలిన మరుసటి వారమే గింజల పొట్లం ఇంటికి వచ్చేస్తుంది. పైపైన పారతో గీకి, చల్లి, నీళ్ళు పెడతారు. నెల తిరిగేసరికి అక్కడ తుంగ, గలిజేరు, వయ్యారిభామ, మధ్యలో ఎక్కడో భయం భయంగా నాలుగు గరిక పోచలు. గింజ మంచిది కాదని దుకాణం వాడిని తిట్టుకుంటారు. చాలాసార్లు గింజ తప్పేమీ ఉండదు. లాన్ కష్టంలో పెద్ద భాగం గింజ చల్లక ముందే పడాలి, అది పడకపోతే తర్వాత రెట్టింపు పడాలి. ఆ ముందు పని మీద తరచూ వచ్చే సందేహాలకు జవాబులివి.

ఎవరూ విత్తకుండా ఖాళీ నేలలో ఇంత కలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

గాలికి కొంత వస్తుంది, పిట్టలు కొంత తెస్తాయి. కానీ అసలు సరుకు నేలలోనే ఉంటుంది. ఏళ్ళ తరబడి రాలిన గింజలు మట్టిలో నిద్రపోతూ ఉంటాయి. ఎన్నాళ్ళు అలా ఉండగలవో తెలుసుకోవాలని 1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు కలుపు గింజలను తడి ఇసుకతో కలిపి 20 సీసాల్లో నింపి భూమిలో పాతాడు. కొన్నేళ్ళకొకటి చొప్పున వాటిని తవ్వి తీసి మొలకెత్తించి చూస్తున్నారు. ఆయన తర్వాత మరో తరం, ఆ తర్వాత ఇంకో తరం శాస్త్రవేత్తలు ఆ పని కొనసాగిస్తున్నారు. 2021లో తీసిన సీసాలోని గింజలు కూడా కొన్ని మొలిచాయి. అంటే 142 ఏళ్ళ తర్వాత! అన్ని కలుపు గింజలకూ అంత ఆయుష్షు ఉండదనుకోండి. అయినా మూడు నాలుగేళ్ళు బీడు పడిన ప్లాటులో ఎంత సరుకు నిలవ ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ సీసాను తెల్లవారకముందే చీకట్లో తవ్వారు. పగటి వెలుతురు తగిలితే గింజలు ముందే మేల్కొంటాయేమోనని జాగ్రత్త. మన లాన్‌కు పనికొచ్చే కిటుకు సరిగ్గా ఇక్కడే ఉంది. చాలా రకాల కలుపు గింజలకు ఒక్క క్షణం వెలుతురు సోకినా చాలు, మొలవడానికి అనుమతి దొరికినట్టే. మనం పారతో మట్టి తిరగేసిన ప్రతిసారీ అడుగున పడుకున్న గింజలను పైకి తెచ్చి ఎండ చూపిస్తున్నాం. పైగా చిన్న గింజ ఒకటి రెండు అంగుళాల కంటే లోతు నుంచి పైకి రాలేదు. కాబట్టి ఎప్పుడు లోతుగా తవ్వాలి, ఎప్పుడు అస్సలు తవ్వకూడదు అన్నది తెలిస్తే సగం కలుపు తెలిసినట్టే.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

తెలుగు ప్రాంతాల్లో గరిక లాన్‌కు జూన్ చివరి నుంచి జూలై దాకా మంచి అదను. గరిక గింజకు వెచ్చటి నేల కావాలి, తడి ఆరకూడదు. ఆ రెండూ అప్పుడు దొరుకుతాయి. నీటి వసతి ఉంటే ఫిబ్రవరి చివర కూడా వేయవచ్చు. వానాకాలం విత్తనానికి నేల పని మార్చి ఆఖరుకో ఏప్రిల్ మొదటికో మొదలవ్వాలి. మూడు నెలలా అని ఆశ్చర్యపోనక్కరలేదు. అందులో మనం చేసేది తక్కువ, ఎండా వానా చేసేది ఎక్కువ.

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు సెప్టెంబరులో విత్తుతుంటే చూసి ఇక్కడ కూడా అదే చేద్దామనుకునేవారున్నారు. అక్కడ వేసేది చలికి తట్టుకునే ఫెస్క్యూ, రై గడ్డి జాతులు. వాటికి ఆ నెల సరైనది. ఆ గింజలే ఇక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని చల్లితే చలికాలమంతా ముచ్చటగా ఉండి మే నెలలో గడ్డివాములా మారతాయి.

కొత్తగా కట్టిన ఇంటి ముందు నేలను ఎలా బాగుచేయాలి?

ముందు అందులోంచి తీయాల్సినవి తీయండి. ఇటుక ముక్కలు, కంకర, ఇనుప తీగలు కంటికి కనిపిస్తాయి. కలిపిన సిమెంటు పారబోసిన చోటు, సున్నం, ప్లాస్టరింగ్ రాలిన పొర కనిపించవు. గోడ పక్కన గునపం వేస్తే జానెడు లోతున బూడిదరంగు అచ్చులా తగులుతుంది. దాన్ని పెళ్ళగించి బయట పారేయాలి. అది మట్టిలో క్షారం పెంచుతుంది, అక్కడ గడ్డి ఎన్నాళ్ళైనా పసుపుపచ్చగానే ఉంటుంది.

తర్వాత తొమ్మిది అంగుళాల నుంచి అడుగు లోతు వరకు తవ్వాలి. ఇసుక లారీలు, మిక్సర్లు తిరిగి నేల రోడ్డులా గట్టిపడి ఉంటుంది. పైన నాలుగు వేళ్ళ మందం ఎర్రమట్టి పోసి దాన్ని కప్పేస్తే లాభం లేదు. వేరు ఆ గట్టి పొర దాకా వెళ్ళి ఆగిపోతుంది, వాన నీరు అక్కడే నిలుస్తుంది. తవ్వకానికి ఏప్రిల్, మే నెలలు ఎందుకంటే, పెడ్డలు ఎండలో పడి ఉంటే కలుపు వేళ్ళూ గడ్డలూ మాడిపోతాయి. రైతు వేసవి దుక్కి దున్నేది దీనికోసమే. పెడ్డలను వెంటనే చితక్కొట్టకండి, ఎండనివ్వండి.

నేల చల్కా అయితే మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. నల్లరేగడి అయితే చాలామంది ఇసుక కలపమంటారు. యాభై గజాలకు ఒక ట్రక్కు ఇసుక వల్ల రేగడి గుణం మారదు, ఎండితే ఇంకా గట్టిపడినా పడుతుంది. ఆ డబ్బు కంపోస్టుకు పెట్టడం మేలు.

వాలు సంగతి ఇప్పుడే చూసుకోవాలి. ఇంటి గోడ నుంచి బయటికి, ఇరవై అడుగుల దూరంలో మూడు నాలుగు అంగుళాల పల్లం ఉంటే చాలు. రెండు మేకులకు దారం కట్టి చూస్తే తెలుస్తుంది. నేల చదును చేశాక బాగా తడిపి వారం వదిలేస్తే పోసిన మట్టి దిగి గుంటలు బయటపడతాయి. వాటిని పూడ్చాలి. నీరు నిలిచే గుంటను తుంగ అందరికంటే ముందు కనిపెడుతుంది.

ఎర్రమట్టి, చెరువు మట్టి, పెంట: వీటితో కలుపు వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. ఆ మాటకొస్తే కొత్త ఇళ్ళలోకి తుంగ వచ్చే దారుల్లో ట్రాక్టర్ ఒకటి. పూడిక తీసిన చెరువు మట్టి సారవంతమైనది, పొలానికి బంగారం. కానీ అందులో తుంగ గడ్డలు దండిగా ఉండవచ్చు. లోడు దించే ముందు రెండు గుప్పిళ్ళు తీసి వేళ్ళతో నలిపి చూడండి. శనగ గింజంత, ముదురు గోధుమరంగు, నల్లటి తీగలాంటి పీచు వేలాడుతున్న గడ్డలు కనిపిస్తే ఆ లోడు వెనక్కి పంపండి. మొహమాటపడితే ఏళ్ళ తరబడి కలుపు తీస్తూ కూర్చోవాలి.

పెంట విషయంలో చూడాల్సింది అది మాగిందా లేదా అన్నది. పశువు మేసిన గడ్డి గింజలు కొన్ని అరగకుండానే పేడలో బయటికి వస్తాయి. కుప్ప బాగా వేడెక్కి, 55 డిగ్రీల పైన కొన్ని రోజులు ఉడికితే చాలావరకు చస్తాయి. కుప్పను తిరగేయకపోతే పై పొర ఉడకదు. చేతిలోకి తీసుకుంటే పొడిగా రాలి, పేడ వాసన లేకుండా మట్టి వాసన వస్తే అది మాగిన ఎరువు.

నేల సిద్ధమైంది. ఇక గింజ చల్లవచ్చా?

నూటికి తొంభై మంది చల్లేది ఇప్పుడే. మీరు ఆగండి. చదును చేసి, రేక్‌తో మట్టిని పొడిపొడిగా చేసి, ఇక గింజ పడటమే తరువాయి అన్నంత తయారుగా నేల ఉంచి, గింజ వేయకుండా నీళ్ళు పెట్టండి. లాన్ వేసినట్టే రోజూ తడపండి. వారం పది రోజుల్లో నేల పచ్చబడుతుంది. అది చూసి దిగులు పడేవాళ్ళే ఎక్కువ. సంతోషించాల్సిన సమయం అది. మీ గడ్డికి పోటీ రావాల్సినవి ముందే బయటపడి దొరికిపోయాయి.

వంగి చూస్తే గంగవాయిలి మొలకలు ఎర్రటి కాడతో, ఊద గడ్డి సూదిలా, వయ్యారిభామ రెండు గుండ్రటి చిన్నాకులతో కనిపిస్తాయి. ఒకదాన్ని లాగితే తెల్లటి దారంలాంటి వేరు అంగుళం కూడా ఉండదు. ఈ వయసులో వాటిని చంపడం చాలా సులువు. ఎండ బాగా ఉన్న ఉదయం దోకుడుపారతో పైపైన, అర అంగుళం మించకుండా దోకితే సాయంత్రానికి వాడి చస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చేదాకా ఆగితే వేరు పట్టు చిక్కుతుంది, పని మూడింతలవుతుంది.

మళ్ళీ నీళ్ళు. మళ్ళీ రెండో విడత మొలక వస్తుంది, మొదటిదాని కంటే పలచగా. మళ్ళీ దోకండి. జూన్ వానలతో మూడో విడత. అప్పటికి పై అంగుళంలో మొలవగలిగిన గింజలు చాలావరకు ఖర్చైపోయి ఉంటాయి. ఈ పద్ధతిలో ఒకే ఒక నియమం ఉంది, అదే అందరూ తప్పేది: ఒకసారి మొదలుపెట్టాక మళ్ళీ లోతుగా తవ్వకూడదు. ఆఖరి రోజు ‘ఒకసారి గుల్ల చేసి చల్లుదాం’ అని మాలి పార ఎత్తాడంటే కింద ఉన్న కొత్త సరుకంతా వెలుతురులోకి వచ్చి కథ మొదటికొస్తుంది. మాలికి ముందే చెప్పి పెట్టండి, మీరు ఇంట్లో లేని రోజున శ్రద్ధ కొద్దీ తవ్వేస్తాడు.

ఎన్నిసార్లు పీకినా తుంగ ఎందుకు చావదు?

పీకుతున్నారు కాబట్టే. తుంగను ముందు గుర్తుపట్టండి. చూడటానికి గడ్డిలా ఉంటుంది కానీ గడ్డి జాతి కాదు. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగా తిరుగుతుంది. ఇప్పుడు దాన్ని లాగకుండా పలుగుతో చుట్టూ మట్టి వదులు చేసి నెమ్మదిగా ఎత్తండి. కాడ మొదట్లో చిన్న ఉబ్బు, దాని నుంచి పక్కకు వెళ్ళే నల్లటి తీగ, ఆ తీగకు ఒక గడ్డ, ఆ గడ్డ నుంచి ఇంకో తీగ, ఇంకో గడ్డ. మీరు లాగినప్పుడు చేతికి వచ్చేది ఆకులు మాత్రమే. తీగ పుటుక్కున తెగుతుంది, గడ్డలన్నీ నేలలోనే ఉంటాయి.

గొలుసు తెగకుండా ఉన్నంత కాలం చివరి గడ్డ మిగతావాటిని మొలవనివ్వకుండా అణిచిపెడుతుంది. గొలుసు తెగిన క్షణాన ఆ అదుపు పోతుంది. నిద్రపోతున్న ప్రతి గడ్డా సొంతంగా మొలకెత్తుతుంది. రోటవేటర్ వేయించిన చోట తుంగ పది రెట్లు అవడానికి ఇదే కారణం. యంత్రం గొలుసులు ముక్కలు చేసి, గడ్డలను ప్లాటంతా సమంగా పంచిపెడుతుంది. తుంగ ఉన్న నేలలో రోటవేటర్ పెట్టవద్దని నా గట్టి సలహా.

మరి ఏం చేయాలి? దానికి రెండు బలహీనతలున్నాయి. గడ్డలు ఎండకు తట్టుకోలేవు. ఎక్కువ భాగం పై ఆరేడు అంగుళాల్లోనే ఉంటాయి కాబట్టి, మే నెలలో పెద్ద పెడ్డలుగా తవ్వి, రెండు మూడు వారాలు చుక్క నీరు లేకుండా మాడనిస్తే చాలా గడ్డలు లోపల తడి పోయి చస్తాయి. మధ్యలో ఒక వాన పడితే ఆ శ్రమ వృథా, అందుకే తొలకరి వాసన రాకముందే చేయాలి. పెడ్డలు తిప్పేటప్పుడు కనిపించిన గడ్డలను ఏరి బకెట్‌లో వేసుకోండి. కంపోస్టు గుంటలో మాత్రం పారేయకండి.

రెండోది ఆకలి. కొత్త మొక్క పైకి వచ్చాక మూడు నాలుగు వారాలకు కింద కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా పాత గడ్డలోని పిండిని తింటూ బతుకుతుంది. పది రోజులకొకసారి మొలకను నేల మట్టానికి కోస్తూ పోతే గడ్డ దాచుకున్నది ఖర్చవుతుందే కానీ జమ కాదు. నెల రోజులు కోసి ఇక చచ్చిందిలే అని వదిలేస్తే మళ్ళీ మొదలు. తుంగ విపరీతంగా ఉంటే ఆ ఏడు లాన్ మానుకుని, ఒక సీజనంతా దాని మీదే పని చేయండి. వినడానికి బాధగా ఉంటుంది కానీ లాన్ మధ్యలో తుంగ ఏరడం కంటే ఖాళీ నేలలో ఏరడం ఎన్నో రెట్లు నయం.

మందు కొడితే ఒక్కసారిలో పోదా?

గ్లైఫోసేట్ పేరు అందరికీ తెలుసు. అది పచ్చటి ఆకులోంచి లోపలికి వెళ్ళి, మొక్క కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకోకుండా అడ్డుకుంటుంది, ఆకు చేసిన ఆహారంతో పాటు గడ్డ దాకా ప్రయాణిస్తుంది. మట్టికి తగిలితే మట్టి రేణువులకు అతుక్కుని పనిచేయడం మానేస్తుంది. అందుకే ఖాళీ నేల మీద కొట్టినా, బురద నీళ్ళలో కలిపి కొట్టినా డబ్బు దండగ. నేలలోని గింజను అది ఏమీ చేయదు. అదీగాక, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు దీన్ని వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి దుకాణంలో సీసా కొని ఇంట్లోవాళ్ళే కొట్టుకునే సరుకు కాదది. ఇక పారాక్వాట్ అయితే గేటు లోపలికే రానివ్వకండి. పొరపాటున కడుపులోకి పోతే దానికి విరుగుడు లేదు, పిల్లలు తిరిగే జాగాలో ఆ మాటే వద్దు.

పెండిమిథాలిన్ చల్లితే గింజ మొలవదని పత్తి రైతులు చెబితే విని లాన్ ముందు వాడినవారున్నారు. అది మొలిచే లేత వేళ్ళలో కణ విభజనను ఆపుతుంది. మీ గరిక గింజ కూడా మొలిచే గింజే కదా! దానికి మినహాయింపేమీ ఉండదు.

ఉప్పు, కిరసనాయిలు చిట్కాల గురించి ఒక్క మాట: కలుపు చస్తుంది, దాంతో పాటు నేల కూడా.

ప్లాస్టిక్ షీటు పరిస్తే?

మన ఎండలకు ఇది చక్కటి పద్ధతి. 1976లో ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్ బృందం దీన్ని శాస్త్రీయంగా వివరించింది. ఆ తర్వాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా కంది, శనగ పొలాల్లో ఎండు తెగులు మీద దీన్ని పరీక్షించింది. నేలను చదును చేసి బాగా తడిపి, పలచటి పారదర్శకపు పాలిథీన్ షీటు నేలకు అంటుకునేలా పరిచి, అంచులన్నీ మట్టిలో పూడ్చి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. తడి మట్టి వేడిని లోపలికి తీసుకుపోతుంది, పై రెండంగుళాలు 50 డిగ్రీలు దాటుతాయి. చాలా గింజలు ఉడికిపోతాయి. నల్ల షీటు ఎందుకు వద్దంటే, అది వేడిని తనే తాగేస్తుంది. పారదర్శకమైనది ఎండను మట్టిదాకా పంపుతుంది. తుంగ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. లోతు గడ్డలకు ఆ వేడి అందదు, పలచటి షీటునైతే మొలక సూదిలా పొడుచుకుని బయటికి కూడా వస్తుంది. షీటు తీశాక ఇక్కడ కూడా అదే నియమం, తవ్వకూడదు.

వేసేది గరికే అయినప్పుడు, ఉన్న గరికను తీయడం ఎందుకు?

మంచి ప్రశ్న. లీరాయ్ హోమ్, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద పెద్ద పుస్తకం వేశారు. అందులో మొదటి స్థానం తుంగది, రెండోది గరికది. పొలంలో రైతు ఏ గరికతో జీవితాంతం పోరాడతాడో దాన్నే మనం డబ్బిచ్చి కొని నీళ్ళు పోసి పెంచుతున్నాం! కాబట్టి జవాబు మీరేం వేస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు దూబ్ (గరిక) గింజ చల్లేట్టయితే అక్కడక్కడా ఉన్న నాటు గరికతో పెద్ద ఇబ్బంది లేదు, రంగులో కొంచెం తేడా తెలుస్తుందంతే. సన్నాకు హైబ్రిడ్ బెర్ముడా గరికో, మెక్సికన్ గడ్డో వేస్తుంటే మాత్రం ఒక్క కణుపు కూడా మిగలకూడదు. నాటు గరిక పైన పాకే తీగతోనూ, నేల లోపలి కాండంతోనూ వ్యాపిస్తుంది, ఏడాదిలో ఖరీదైన గడ్డిని మింగేస్తుంది. ఆ హైబ్రిడ్లలో చాలావాటికి గింజ కాయదు కాబట్టి పిలకలుగానో చాపలుగానో నాటాలి. వాటి ‘విత్తనాలు’ అమ్ముతామన్నవారిని నమ్మకండి.

ఇంతా చేశాక చల్లడం ఎలా?

ప్రశాంతంగా, గాలి లేని సాయంత్రం. వంద గజాలకు అర కిలో నుంచి కిలో లోపు. గరిక గింజ ఎంత చిన్నదంటే కిలోలో 40 లక్షల దాకా ఉంటాయి. నాలుగైదు రెట్లు పొడి ఇసుక కలిపి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా చల్లండి. రేక్‌ను వెనక్కి తిప్పి మెల్లగా లాగితే గింజ కాస్త మట్టిలో కలుస్తుంది. పావు అంగుళం దాటితే లోతు ఎక్కువైనట్టే. తేలికపాటి రోలరో, లేదంటే పలక వేసి తొక్కడమో చేయండి. మొలక వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు, పై పొర ఆరకూడదు. పైపుతో ధారగా పోస్తే గింజంతా ఒక మూలకు కొట్టుకుపోతుంది.

కొన్ని కలుపు మొక్కలు అప్పటికీ వస్తాయి. వెడల్పాకు వాటిని నేల తడిగా ఉన్నప్పుడు, పలక మీద కూర్చుని చేత్తో తీయండి. గడ్డి జాతి వాటిని మాత్రం మీ గరిక కాస్త నిలదొక్కుకునేదాకా ముట్టుకోవద్దు. ఇప్పుడు పీకితే పక్కనున్న లేత వేరు కూడా లేస్తుంది. గడ్డి రెండు అంగుళాలు దాటాక పదునైన బ్లేడుతో మొదటి కోత కోస్తే నిటారుగా పెరిగే ఏడాది కలుపు చాలావరకు తలలు తెగి వెనకబడుతుంది. గరిక పక్కలకు పాకడం మొదలుపెడుతుంది.

మామిడి చెట్టు కింద కూడా ఇదే పద్ధతా?

అక్కడ గరిక వేయకండి. దానికి పూటంతా ఎండ కావాలి. నీడలో మొదటి ఏడు పలచగా బతికి, రెండో ఏడు చస్తుంది, ఖాళీ అయిన చోట మళ్ళీ కలుపు కూర్చుంటుంది. చెట్టు నీడ పడే మేర దారం కట్టి విడదీసి, అక్కడ రాలిన ఆకులనే మందంగా పరిచి వదిలేయండి. కలుపు లేవదు, నీళ్ళ ఖర్చు లేదు, కుర్చీ వేసుకోవడానికి చోటు మిగులుతుంది.